శికం మీద పడవ

పొద్దున ఏడు కాగానే అంజయ్య భుజాన తువ్వాల వేసుకుని వెనక వాకిట్లోకి వచ్చేవాడు. అప్పటికే సిరాజుద్దీన్ ఉలి, చిత్రిక ముందేసుకుని కూర్చుని ఉండేవాడు. మేడ్చల్‌లో ముప్పై ఏళ్లు ప్లాట్లు అమ్మిపెట్టిన మనిషికి అరవై దాటాక పడవ చేసుకోవాలన్న సరదా ఎందుకు పుట్టిందో భార్య బాలమణికి అంతుపట్టలేదు. "శామీర్‌పేట చెరువుల నా పడవల నేను తిరగాలె" అన్నాడంతే. పడవను కూడా గజాల్లో లెక్కేశాడు. మొదటిరోజే దాని ముక్కు తూర్పుకు ఉండాలని పట్టుబట్టాడు.

"అంజన్నా, ఇది ఇల్లు గాదు, తిరుగుతది" అని సిరాజుద్దీన్ పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు.

సిరాజుద్దీన్ వడ్రంగి. దోస్తానా కొద్దీ ఏడాదిగా వస్తున్నాడు. మద్ది పలకలు ఎలా వంచాలో, సందుల్లో దూది ఎలా కుక్కాలో, పైన గుగ్గిలం ఎలా పూయాలో చెయ్యి పట్టి నేర్పాడు. తన భార్య షహజాది బేగం పంపిన చాయ్ ముందు అంజయ్యకే పోసేవాడు. ఆ చాయ్ తాగుతూ అంజయ్య అతని ముఖంలోకి చూసేవాడు కాదు.

ఎందుకంటే, మూడేళ్ల కింద సిరాజుద్దీన్‌కు ప్లాటు ఇప్పించింది అంజయ్యే. ఆ రోజు సిరాజుద్దీన్ ఒక్కటే మాట అడిగాడు. "శికం గిట్ల కాదు గదా, అన్నా?"

శికం అంటే చెరువు కడుపు. నీళ్ల జాగ, ఇళ్ల జాగ కాదు. ఎన్ని కాగితాలు పుట్టించినా ఎప్పుడో ఒకప్పుడు వానకు మునుగుతుంది, లేదంటే ఇల్లు కూల్చడానికి మిషన్లు వస్తాయి. ఆ ప్లాటు ఉన్నచోట ఒకప్పుడు పోచయ్యకుంట ఉండేది. అంజయ్యకు బాగా తెలుసు. అయినా, "పక్కా పట్టా. నా నోట అబద్ధమొస్తదా?" అన్నాడు.

వచ్చింది. తడుముకోకుండా వచ్చింది.

ఇప్పుడు, వచ్చే శుక్రవారం సిరాజుద్దీన్ అక్కడ పునాది తవ్వించబోతున్నాడు. ఇవాళ చెప్పేస్తా అని అంజయ్య రోజూ అనుకోవడం, చాయ్ తాగి గ్లాసు కింద పెట్టడం. తన మీద తనకే అసహ్యం పుట్టేది.

బుధవారానికి పడవ పూర్తయింది. ట్రాలీ ఆటో ఎక్కించి తాళ్లతో బిగించారు. ఆ ప్రాంతంలో పడవను రోడ్డు మీద తీసుకుపోవాలంటే తాళ్లు ఉండాల్సిందే. ఒకప్పుడు నీళ్లున్న చోటు వస్తే పడవ గాల్లోకి లేస్తుంది మరి. ఫంక్షన్ హాలు ముందు అరగజం లేచింది. పూలమ్మే ఐలమ్మ తలెత్తి చూసి, "గీడ మా తాత నాడు కుంట ఉండె. తాడు గట్టిగ పట్టుండ్రి" అని మళ్లీ మాల కట్టుకోసాగింది. పెట్రోలు బంకు దగ్గర ఇంకోసారి లేస్తే, వెనక కండ్లకోయ కాలేజీ బస్సు డ్రైవరు, "జల్దీ దించుండ్రి, లేటయితాంది" అని విసుక్కున్నాడు.

పోచయ్యకుంట వైపు పోకుండా చుట్టుదారిన పొమ్మని అంజయ్య ముందే ఆటో డ్రైవరుకు చెప్పి ఉంచాడు. తీరా మలుపు దగ్గర సిరాజుద్దీన్, "ఎడమకు తిప్పు భాయ్. ప్లాటు కాడ మా షహజాది పునాది రాళ్లు దింపిస్తాంది. పడవ సూస్తనన్నది" అన్నాడు.

"పొద్దెక్కుతాంది, సిరాజ్ భాయ్."

"ఐదు నిమిషాలే అన్నా. నీ చేత్తో జేసిన పడవాయె!"

అంజయ్య నోరు తెరిస్తే సరిపోయేది. తెరవలేదు. పైగా ట్రాలీ ఎక్కి పడవలో కూర్చున్నాడు, తన బరువుకైనా అణిగి ఉంటుందని. ముప్పై ఏళ్ల తెలివి అంతవరకే పనిచేసింది. మనిషిని మోయడానికి చేసిన పడవ మనిషి బరువుకు అణుగుతుందా?

ట్రాలీ ప్లాటులోకి వెళ్లగానే ముడులు ఊడిపోయాయి. సిరాజుద్దీన్ చేతిలో ఒక్క తాడు మిగిలింది. పడవ మోకాలెత్తు దాటింది, షహజాది బేగం తల దాటింది, కరెంటు స్తంభం సగందాకా పోయి అక్కడ మెల్లగా ఊగుతూ నిలబడింది. అంజయ్య అంచులు పట్టుకుని ముడుచుకుపోయాడు.

రాళ్లు దించే కూలీ ఒకడు పైకి చూసి, "కుంట రెండాళ్ల లోతున్నది" అన్నాడు.

షహజాది బేగం చేతిలో రాయి కింద పెట్టింది. "అన్నా, ఇది శికమా?"

"శికమే, చెల్లె."

"నీకు ముందే ఎరుకనా?" అన్నాడు సిరాజుద్దీన్.

"ఎరుకే. నేను ఈత నేర్సింది గీడనే."

బాల్కనీల్లోంచి జనం చూస్తున్నారు. ఎంతమంది చూసినా ఓర్చుకునేవాడే, కింద తాడు పట్టుకున్న ఆ ఒక్క ముఖం చూడలేకపోయాడు. "నా ఇంటెనక జాగ నీ పేరు మీద రాసిస్త. రేపే రాసిస్త."

"జాగ సంగతి పక్కన పెట్టు. ఏడాది సంది మా ఇంటి చాయ్ తాగినవు. ఎట్ల తాగినవన్నా?"

అంజయ్య సిగ్గుతో ఏడ్చాడు.

సిరాజుద్దీన్ తాడు లాగుతూ పడవను రోడ్డవతలికి, ఒకప్పటి కుంట గట్టు మీదికి నడిపించాడు. అక్కడ అది నేలకు దిగింది. అంజయ్య దిగడానికి చెయ్యి మాత్రం ఇవ్వలేదు. వెనక్కి వెళ్లి, దించిన రాళ్లను మళ్లీ ట్రాలీలోకి ఎత్తడం మొదలుపెట్టాడు. అంజయ్య కూడా పోయి ఒక రాయి ఎత్తాడు. ఎవరూ వద్దనలేదు.

ట్రాలీ నిండాక డ్రైవరు అడిగాడు, "రాళ్లు ఏడికి తీస్కపోవాలె?"

షహజాది బేగం కొంగుతో చేతులు తుడుచుకుంది.

"అంజయ్య సార్ ఇంటెనక్కి" అంది.