మొదటి తీగ

కిందికి, పైకి, కిందికి, పైకి, కిందికి. ఆరో దెబ్బ దగ్గర చెయ్యి మళ్ళీ కిందికే పడింది.

"ఛ," అన్నాడు అంద్రెయ.

ఉదయం ఆరున్నర. రేపల్లెలో తన ఇంటి వసారాలో, ప్లాస్టిక్ కుర్చీ అంచున కూర్చుని, ఒళ్ళో ఎలక్ట్రిక్ గిటారు పెట్టుకుని వాయించడం ఇది నలభయ్యో సారో, నలభై ఒకటో సారో. స్పీకరు కలపలేదు. స్పీకరు కలపని ఎలక్ట్రిక్ గిటారు రేకు డబ్బాలో శనగలు కదిపినట్టు మోగుతుంది. తప్పు మాత్రం ఆ చప్పుడులోనూ స్పష్టంగా వినిపిస్తుంది.

అతను సాధన చేస్తున్నది ఆర్పెజియో. ఒక్కసారిగా మోగవలసిన స్వరాలను విడదీసి, ఒకదాని తరవాత ఒకటిగా పలికించడం. ఆరు తీగలు, ఆరు స్వరాలు. తీగలు మీటే చిన్న బద్ద, పిక్కుతో ఒకసారి కిందికి, ఒకసారి పైకి మీటుతూ లావు తీగ నుంచి సన్న తీగ దాకా రావాలి. ఆ లెక్కన చివరి స్వరం, అంటే మొదటి తీగ అని పిలిచే అన్నిటికన్నా సన్నని తీగ, కింది నుంచి పైకి మీటినప్పుడు పలకాలి. అంద్రెయ చెయ్యి ఆ తీగను పైకి మీటదు. దాన్ని పైనుంచే కొడుతుంది. వరసగా రెండు దెబ్బలు కిందికి పడటంతో మధ్యలో వెంట్రుకవాసి ఆలస్యమవుతుంది. నెమ్మదిగా వాయించినంతసేపు అది ఎవరికీ తెలియదు. వేగం పెంచితే, గుంటలో పడ్డ చక్రంలా ప్రతి చుట్టులోనూ తెలుస్తుంది.

"పొద్దున లేచిన దగ్గర్నుంచి ఆ అరముక్కే," అంది సరోజ, టిఫిన్ క్యారియర్ తెచ్చి అతని పక్కన పెడుతూ. "ఒక్క పాటన్నా పూర్తిగా వాయించకూడదా?"

"అరముక్క రాకుండా పాటేంటి?"

"ముప్పై ఏళ్ళుగా చర్చిలో వాయిస్తానే ఉన్నారుగా."

"రాలేదు సరోజా. వచ్చినట్టు వినపడింది."

ఆమె నుదురు కొట్టుకుని లోపలికి వెళ్ళబోతూ ఆగింది. "ఆ ఎడం భుజం ఇంకా నొప్పిగా ఉందా?"

"గిటారు పట్టీ ఒరుసుకుంటోంది. సోమవారం డాక్టరు దగ్గరికెళ్తాలే."

సోమవారం సంగతి అతనికి పట్టలేదు. రేపు ఆదివారం చర్చిలో కోత పండుగ. కొత్త పాట ఒకటి ఈ ఆర్పెజియోతోనే మొదలవుతుంది. క్వయర్ నడిపే అజయ్ బాబు బాపట్లలో బ్యాంకు ఉద్యోగి. ముప్పై దాటలేదు, మర్యాద తెలిసినవాడు, ఏ తప్పునూ వదలని చెవి గలవాడు. పోయిన శనివారం ప్రాక్టీసు అయ్యాక అతను అంద్రెయ పిక్కు తీసుకుని వెలుతురుకు పట్టి చూశాడు.

"బాబాయ్, ఇది చూడండి. ఒక పక్కే బాగా అరిగింది. ఆఖరి తీగను నిజంగా పైకి మీటుతుంటే రెండో పక్క కూడా అంతే అరగాలిగా?"

అంద్రెయ చూశాడు. కాదనడానికేమీ లేదు.

"వచ్చే శనివారానికి కుదరకపోతే ఆ ముక్క కీబోర్డులో రికార్డు చేసి పెట్టేస్తాను. ఏమీ అనుకోవద్దు. మీరు గిటారు పట్టుకుని కూర్చోండి చాలు."

"ఊరికే పట్టుకునా?"

"చూడ్డానికి."

ఆ ఒక్క మాట వారం రోజులుగా గొంతులో చేపముల్లులా ఉంది. పొమ్మంటే పోయేవాడు. చూడ్డానికి ఉండమన్నాడు.

మధ్యాహ్నమే బయల్దేరి స్టేషను నుంచి నేరుగా చర్చికి ప్రాక్టీసుకు పోవాలని ఆ రోజు గిటారును కూడా వెంట తీసుకుని తెనాలి రైలెక్కాడు. ముప్పై మూడేళ్ళుగా అదే రైలు, అదే పని. దశరథరామయ్య గారి షాపులో, కాలిపోయిన పొలం మోటార్లకు కొత్తగా రాగితీగ చుట్టడం. ఇనుప గాడుల్లో తీగ చుట్లను ఒక్కటొక్కటిగా దించి, అవి పైకి రాకుండా గాడి నోట సన్నని వెదురు బద్ద దిగ్గొట్టాలి. మిగిలిన వెదురు ముక్కలనే గోరంత వెడల్పున చెక్కి పిక్కులు చేసుకుంటాడు. ఉక్కు తీగల మీద వెదురు ఎక్కువకాలం నిలవదు. రోజుకొకటి పోతుంది. అరిగిన వాటిని పారెయ్యకుండా ఇంట్లో ఒక బిస్కెట్ డబ్బాలో వేస్తాడు. ఎందుకు దాస్తున్నాడో సరోజ ఒకసారి అడిగింది. అతనికీ తెలియదు.

షాపులో ఎడమచేత్తో తీగ దించుతూ, కుడిచేతి వేలితో బల్ల అంచును మీటుతున్నాడు. జేబులో ఫోను తాళం కొడుతోంది.

"అంద్రెయా, ఆ టిక్కుటిక్కు ఆపవయ్యా," అన్నాడు దశరథరామయ్య, కళ్ళజోడు పైనుంచి చూస్తూ. "నా గుండె దాంతో కలిసి కొట్టుకుంటోంది."

"నిమిషానికి తొంభై ఆరండి. గుండెకి కొంచెం ఎక్కువేనండి."

"నా గుండెకి నువ్వే ఎక్కువ. వేమూరు హనుమయ్య మోటారు పన్నెండింటికిస్తానన్నాను. మధ్యాహ్నం నుంచి సెలవంటివి. చెయ్యి ఆడనీ."

చెయ్యి ఆడుతూనే ఉంది. అదే అతని బాధ. కళ్ళు మూసుకున్నా మోటారు చుట్టగల చెయ్యి, చెప్పిన ఒక్క పని చెయ్యదు. తాను ఆజ్ఞ ఇస్తాడు. చెయ్యి వింటుంది. విని, తన పని తాను చేసుకుపోతుంది. ఇద్దరిలో అంద్రెయ ఎవరు? ఇన్నేళ్ళూ చర్చిలో వాయించింది ఎవరు? ఈ ప్రశ్న వేసుకున్న ప్రతిసారీ అతనికి జ్ఞానం కలగలేదు, విసుగే కలిగింది.

పదకొండున్నరకు, ఒక చుట్టు గాడిలోంచి పైకి లేవబోయింది. అతను చూసేలోపే బొటనవేలు పోయి దాన్ని కిందికి నొక్కేసింది.

అంద్రెయ ఆ వేలి వైపు చూస్తూ ఉండిపోయాడు.

ఇరవై మూడేళ్ళ వయసులో, ఈ షాపులో చేరిన కొత్తలో, బాపట్లలో మూతపడ్డ ఆర్కెస్ట్రా వాళ్ళ దగ్గర ఈ గిటారు కొన్నాడు. వారం తిరక్కుండా మొదటి తీగ తెగింది. తీగలు సెట్టుగా తప్ప ఒక్కటి విడిగా అమ్మేది లేదన్నారు షాపువాళ్ళు. చేతిలో రాగితీగ ఉంది, బిగించాడు. రాగి మెత్తన. పైనుంచి మెల్లగా తాకితే ఊరుకునేది, కింది నుంచి మీటితే గాడిలోంచి లేచి జారిపోయేది, లేదా తెగేది. చర్చివాళ్ళు సెట్టు తెప్పించేదాకా రెండేళ్ళు అలాగే వాయించాడు. అందులో అసలు విచిత్రం తరవాత తెలిసింది. గిటారులో ఉన్న అయస్కాంతానికి ఉక్కు తీగ కదలికే తెలుస్తుంది, రాగి కదలిక తెలియదు. ఆ రెండేళ్ళూ ఆ తీగ స్పీకరులో ఒక్కసారీ పలకలేదు. రోజంతా రాగితీగతో బతికేవాడికి ఆ సంగతి తట్టలేదు. పలకని తీగను, తెగకుండా, అంత జాగ్రత్తగా కాపాడుకున్నాడు.

రాగి పోయింది. జాగ్రత్త మిగిలింది.

"ఏంటయ్యా అలా బిగుసుకుపోయావు?"

"ఏం లేదండి. ముప్పై ఏళ్ళ నుంచి ఒకటి కాపాడుతున్నానండి. అది అక్కడ లేదండి."

"మోటారు మాత్రం ఉంది, ఇదిగో," అన్నాడు దశరథరామయ్య.

హనుమయ్య మోటారు పన్నెండుంబావుకు తిరిగింది. అంద్రెయ చేతులు కడుక్కుని, క్యారియర్ సగం తిని, మిగిలిన వెదురు బద్ద నుంచి కొత్త పిక్కు చెక్కుకున్నాడు.

మధ్యాహ్నం రైలులో జనం పలచగా ఉన్నారు. ఎదురు సీటులో భట్టిప్రోలులో బంధువులను చూడబోతున్న రిటైర్డ్ మాస్టారు నరసింహారావు గారు. రోజూ కలిసే మనిషి కాదుగాని, ముఖం ఎరిగినవాడు. అంద్రెయ సంచీ విప్పి గిటారు ఒళ్ళోకి తీసుకున్నాడు.

"కరెంటు వాయిద్యాన్ని కరెంటు లేకుండా వాయిస్తారేంటండీ?"

"ఎవరికీ వినపడకూడదనండి."

"అయితే వాయించడం ఎందుకూ?"

అంద్రెయ నవ్వి, పిక్కు లావు తీగ మీద పెట్టాడు.

కిందికి, పైకి, కిందికి, పైకి, కిందికి. చెయ్యి మొదటి తీగ పైన ఆగింది. ఈసారి అతను కోప్పడలేదు. వేగం సగానికి తగ్గించాడు. పిక్కు తీగను దాటి కిందికి పోయి, అక్కడ క్షణం నిలిచింది. పైకి రాలేదు. ఇన్నేళ్ళుగా మొండితనమని తిట్టుకున్నది భయమని అప్పుడు తెలిసింది.

"తెగదురా," అన్నాడు చేతితో, పెదవులు కదిలీ కదలకుండా. "ఇది ఉక్కు."

వేమూరు దాటింది. భుజం నొప్పి మోచేతి దాకా దిగింది. అతను గిటారును కొంచెం పైకి జరుపుకున్నాడు. భట్టిప్రోలులో నరసింహారావు గారు దిగుతూ, "వస్తానండి," అన్నారు. అంద్రెయ తల ఎత్తలేదు. మర్యాదకు కూడా తల ఎత్తని మనిషిని చూసి ఆయన కాస్త నొచ్చుకున్నారు. ఆ తరవాత పల్లికోన. ఆ తరవాత రేపల్లె. అక్కడ పట్టాలు ఆగిపోతాయి, అందరూ దిగాలి. అందరూ దిగారు. కిటికీకి తల ఆనించిన మనిషి నిద్రపోతున్నాడనుకుని, గిటారుకు దెబ్బ తగలకుండా ఒక ఆడమనిషి పక్కగా నడిచి వెళ్ళింది.

ఆరు గంటలకు చర్చిలో అజయ్ బాబు రెండుసార్లు ఫోను చేశాడు. మూడోసారి రైల్వే వాళ్ళు తీశారు.

కోత పండుగ ఆగలేదు. గుమ్మడికాయలూ అరటిగెలలూ ఎప్పటిలాగే వచ్చాయి. కీబోర్డులో రికార్డు చేసి ఉంచిన ముక్కను అజయ్ బాబు వాడలేదు. పాట నేరుగా పల్లవితోనే మొదలైంది. మధ్యాహ్నం సమాధుల దొడ్డి నుంచి ఇంటికి వచ్చాక సరోజ అజయ్ బాబుకు బిస్కెట్ డబ్బా చూపించింది.

"ఇవేం చెయ్యాలి బాబూ? పారెయ్యనా?"

అతను ఒక్కొక్కటే తీసి చూశాడు. అన్నీ ఒక పక్కే బాగా అరిగాయి. వాటి గురించి తానన్న మాట గుర్తొచ్చి, డబ్బా మూసి ఆమె చేతికిచ్చాడు.

గిటారు వసారాలో ప్లాస్టిక్ కుర్చీ మీద ఉంది. పిక్కు పడిపోకుండా ఎవరో మెడ దగ్గర తీగల మధ్య దోపారు. నిన్నటి వెదురు, ఇంకా మాసిపోలేదు. కొన రెండు పక్కలా సమానంగా అరిగి ఉంది.