పెదవి మూల వేలు

సోమవారం ఉదయం ఆరున్నరకు ఒకటో తరగతి టీచరు పుక్కిలించబోతే నీళ్లు నోట్లో నిలవలేదు. కుడి మూల నుంచి కారి మెడ మీద పడ్డాయి. అద్దంలో చూసుకుంది. కుడి కన్ను మూతపడటం లేదు. చెంప గిల్లుకుంటే వేరెవరి చెంపో గిల్లినట్టుంది.

పక్షవాతం కాదన్నాడు డాక్టరు. ముఖానికి వెళ్లే నరం వాచిందన్నాడు. మూడు వారాలు పట్టొచ్చు, ఆరు నెలలూ పట్టొచ్చు. మాత్రలూ కంట్లో చుక్కలూ రాసిచ్చాడు.

"సగం నవ్వుతున్నావు, సగం అలిగావు. ఏ పక్కతో మాట్లాడాలే అక్కా?" అంది చెల్లెలు.

అక్క నవ్వలేదు. ఏడవనూ లేదు. రెండూ రాలేదు.

బుధవారం బడికి వెళ్లింది. పద్నాలుగేళ్లుగా ఆమెది ఒకటో తరగతే. అక్షరం రాయించే ముందు దాని శబ్దం పలికిస్తుంది. ఒక్కొక్కరి చేతిలో చిన్న అద్దం పెట్టి, "నా నోరు చూడండి, మీ నోరు చూసుకోండి" అంటుంది. ఆ నెల పాఠం ప, బ, మ. మూడింటికీ పెదవులు కలవాలి.

ఆమె "ప" అంటే గాలి పక్క నుంచి పోయింది. చూపుడు వేలితో పెదవి మూలను పైకి నొక్కిపట్టింది. అప్పుడు పలికింది. పాఠం రెండు వారాలు అలాగే నడిచింది.

"ఇన్‌స్పెక్షన్ దాకా చూద్దాం. పిల్లలు సరిగ్గా పలికితే తరగతి నీదే. లేదంటే నయమయ్యేదాకా పుస్తకాల గది చూసుకో" అంది పెద్ద టీచరమ్మ.

ఆ సాయంత్రం కంచం ముందు కూర్చుని ఏం తిన్నదీ చెప్పలేకపోయింది. నాలుకకు రుచి తెలియడం లేదు. "ఆ తరగతి కూడా పోతే నేను పొద్దున్నే లేచేదెందుకే?" అంది చెల్లెలితో. చెల్లెలు ఈసారి హాస్యమాడలేదు.

గురువారం పదకొండింటికి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. బోర్డు మీద "ప" రాసి, తనూ ఒకసారి పలికి, మొదటి వరసలో పిల్లను లేపాడు. బడంతా వసపిట్ట అని పిలిచే పిల్ల. పెదవి మూలకు వేలు పెట్టి "ప" అంది.

"వేలెందుకమ్మా?"

"పెడితేనే వస్తుంది సార్."

"పెట్టకుండా అను."

"రాదు సార్. ఇందాక మీరు పెట్టలేదు కదా, అందుకే మీది సరిగ్గా రాలేదు."

ఇన్‌స్పెక్టరు మిగతా ముప్పైమందినీ పలకమన్నాడు. ముప్పై వేళ్లు లేచాయి. పెద్ద టీచరమ్మ నేల చూపులు చూసింది. టీచరుకు కంట్లో చుక్కలు వేసుకునే వేళయిందని గుర్తొచ్చింది. అంతకుమించి ఏమీ అనిపించలేదు.

సోమవారం తరగతిని కొత్త టీచరుకు ఇచ్చారు. పదింబావుకు పుస్తకాల గది గుమ్మంలోకి వసపిట్ట వచ్చింది.

"టీచర్, మిమ్మల్ని రమ్మంటున్నారు. కొత్త టీచరుకి వేలు పెట్టడం రాదు. పైగా మమ్మల్ని తియ్యమంటారు. మేం తియ్యలేదు."

ఆమె వెళ్లింది. కొత్త టీచరు ఎదురొచ్చింది. "పొద్దున్నుంచీ మొత్తుకుంటున్నా అక్కా. మీరు చెబితేగానీ వినరట."

టీచరు బోర్డు పక్కన నిలబడింది.

"నా మూతికి జబ్బు చేసింది. అందుకని వేలు పెట్టాను. మీ మూతులు బాగానే ఉన్నాయి. తీసెయ్యండి."

ఒక్క వేలూ దిగలేదు. ముప్పై ఒక్కమందీ ఆమె నోరే చూస్తున్నారు.

"నా నోరు చూడొద్దు" అంది. "ఇకనుంచి ఈ టీచరు నోరు చూడండి."

వసపిట్ట కొత్త టీచరు వైపు తిరిగింది. వేలు దించింది. తర్వాత పక్క పిల్ల దించింది. తర్వాత వెనక వరసలు.

కొత్త టీచరు "ప" అంది. తరగతి "ప" అంది.

పదీ ఇరవై ఆరుకు టీచరు పుస్తకాల గదికి తిరిగి వచ్చింది. కుడి కన్ను ఇంకా మూతపడటం లేదు.