ఎడమవైపు తలుపు

నేను ఒక పాత మిలటరీ లారీని. లారీ అన్నాను కదా అని పది చక్రాల ఇసుక లారీని ఊహించుకోకండి. జీపుకు అన్నను, లారీకి తమ్ముణ్ణి. ముందు ఇద్దరు కూర్చునే గది, వెనక టార్పాలిన్ కప్పిన తొట్టి, నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే ఏర్పాటు. బురద, బండలు, వాగులు నా దారులు. తారు రోడ్డెక్కితే నాకు కొత్త చెప్పు కరిచినట్టుండేది.

ఎక్కడో ఉత్తరాదిన ఒక పెద్ద కార్ఖానాలో నన్ను తయారు చేసి, నాలాంటి వాళ్ళ వరసలో నిలబెట్టి, ఆకుపచ్చ రంగు కొట్టారు. యుద్ధానికి పంపుతారని మురిసిపోయాను. తీరా నాకు దక్కినవి ఉల్లిపాయల బస్తాలూ బంగాళాదుంపల బస్తాలూ. సైన్యమైనా తినాలి కదా! కొన్నేళ్ళు మోయించుకుని, ఇక చాలు పొమ్మని వేలంలో అమ్మేశారు. అలా చేతులు మారి మారి నర్సీపట్నం వచ్చిపడ్డాను. అక్కడ నన్ను మన్యం కొండల్లో దోమల మందు కొట్టే సిబ్బందికి ఇచ్చారు. మిలటరీలో దొరకని యుద్ధం నాకు అక్కడ దొరికింది. కాకపోతే శత్రువు దోమ.

నా డ్రైవరు పేరు సింహాచలం. తాటిచెట్టంత మనిషి. నా సీట్లో ఒదగడానికి మెడ వంచి కూర్చునేవాడు. పొద్దున్నే నా బానెట్టు మీద అరచేత్తో తట్టి, "పదవే, కొండెక్కాల" అనేవాడు. నన్ను మగాడని ఎన్నడూ అనుకోలేదతను. నేనూ అభ్యంతరం చెప్పలేదు.

మందు కొట్టేవాళ్ళు పంపులతో వెనక తొట్టిలో ఎక్కేవాళ్ళు. ముందు ఎడమ సీటు, జ్వరాలకు మందులిచ్చే నర్సుది. ఆ సీట్లో ఎందరో కూర్చున్నారు, కొండ నీళ్ళు పడక వెళ్ళిపోయారు. చివరికి నూకరత్నం వచ్చింది. పొట్టి మనిషి, గట్టి గొంతు. నా మెట్టు ఆమెకు అందేది కాదు. చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో, మందుల పెట్టె ఒక చేత్తో పట్టుకుని, ఒక్క ఎగురు ఎగిరి కూర్చునేది. సింహాచలాన్ని "డ్రైవరు గారూ" అనేది. అతను "సిస్టరు గారూ" అనేవాడు. ఇద్దరి మధ్యా మర్యాదలు ఎంత ఎక్కువగా ఉండేవంటే, వెనక తొట్టిలోవాళ్ళు మోచేతులతో పొడుచుకుని నవ్వుకునేవాళ్ళు.

ఆమె చేరిన తొలి వర్షాకాలంలో, ఘాటు రోడ్డు మలుపులో కొండచరియ జారి ఒక బండరాయి నా ఎడమ తలుపును గుద్దింది. అదృష్టం బాగుండి అప్పుడు సీట్లో ఎవరూ లేరు. తలుపుకు మాత్రం గుమ్మడికాయ పట్టేంత సొట్ట పడింది. అప్పట్నించి లోపలి హ్యాండిల్ ఎంత తిప్పినా తలుపు వచ్చేది కాదు. బయట నిలబడి హ్యాండిల్ పైకెత్తి ఒక్క గుంజు గుంజితేనే వచ్చేది. ఆ గుంజుడు సింహాచలానికే తెలుసు. కాబట్టి బండి ఆగిన ప్రతిచోటా అతను దిగి, నా ముందునుంచి చుట్టూ తిరిగి వచ్చి, తలుపు గుంజి తీసి పట్టుకుని నిలబడేవాడు. ఆమె మహారాణిలా దిగేది.

"పట్నం తీసుకెళ్ళి ఈ తలుపు బాగు చేయించీమంటారా సిస్టరు గారూ?" అని అడిగాడు ఒకసారి.

"ఎందుకండీ! ఉన్న బండి ఉన్నట్టు తిరుగుతోంది కదా. తలుపు బాగుకని పట్నంలో నాలుగు రోజులు పెడితే, ఇక్కడ జ్వరాలు ఆగుతాయా?" అంది ఆమె.

ఆమెకు జ్వరాల మీద ఎంత శ్రద్ధో అని అతను పొంగిపోయాడు. మగవాళ్ళకు అర్థం కానివి చాలా ఉంటాయి. అందులో సగం వాళ్ళ కళ్ళముందే ఉంటాయి.

ఇప్పుడు మీకొక రహస్యం చెప్తాను. సొట్ట పడిన కొన్నాళ్ళకే, ఒక చలికాలం పొద్దున, నా రేడియేటరు మరిగి ఘాటు మధ్యలో ఆగాను. సింహాచలం డబ్బా పట్టుకుని నీళ్ళకోసం గెడ్డలోకి దిగాడు. వెనకవాళ్ళు చలిమంట వేసుకున్నారు. నూకరత్నం ఒంటరిగా కూర్చుని, ఊసుపోక తలుపుతో కుస్తీ పట్టింది. హ్యాండిల్ తిప్పి, దాని కింద రేకును మోకాలితో గట్టిగా నొక్కింది. తలుపు టక్కున తెరుచుకుంది! దిగి, పైన గట్టు మీదున్న ఉసిరిచెట్టు దగ్గరికి పోయి, నాలుగు కాయలు కోసుకుని, మళ్ళీ ఎక్కి, తలుపు వేసేసుకుంది. సింహాచలం నీళ్ళతో వచ్చేసరికి అమాయకంగా కూర్చుని ఉంది.

"డ్రైవరు గారూ, కాళ్ళు పట్టేశాయి. కాస్త తలుపు తీస్తారా?"

అతను తీశాడు. ఆమె బుగ్గలో ఉసిరికాయ కనిపించింది. "అదెక్కడిదండీ?" అన్నాడు.

"కొమ్మ కిటికీలోకి వచ్చింది, అందుకున్నాను."

నమ్మేశాడు! కొమ్మ అక్కడికి ఎలా వస్తుందని తలెత్తి చూడనైనా లేదు. ఆ తర్వాత అతను లేనప్పుడల్లా ఆమె మోకాలితో నొక్కి తనే దిగేది. అతను ఉంటే మాత్రం కదలకుండా కూర్చునేది. కొన్నాళ్ళకు వాళ్ళిద్దరికీ పెళ్ళయింది. పెళ్ళయ్యాక కూడా, నేను ఆ ఉద్యోగంలో ఉన్నంతకాలం, "డ్రైవరు గారూ, తలుపు" అనే పిలుపు ఆగలేదు. ఆ నిజం తెలిసినవాళ్ళం ఇద్దరమే, ఆమె, నేను.

కాలం ఎవరినీ ఒకచోట ఉంచదు. నన్ను మళ్ళీ వేలం వేశారు. ఇటుక బట్టీల ఆసామి కొన్నాడు. ఎడమ తలుపు రాదని తెలిసి, దాన్ని ఇనప తీగతో బిగించి కట్టేసి, ఆ సీటు పీకి ఇటుకలు పేర్చాడు. ఇక ఆ తలుపు తీసినవాడు లేడు, వేసినవాడు లేడు. నా ఇంజను ఊపిరి ఆగాక, అనకాపల్లి దగ్గర పాత ఇనుము కొట్టు వెనక పడేశారు. పల్లేరు తీగలు నా చక్రాల చుట్టూ పెరిగాయి. పక్కనున్న బస్సును రోజుకింత కోసి పట్టుకుపోతుంటే చూస్తూ నా వంతుకోసం ఎదురుచూశాను. భయం లేదు. మాట్లాడేవాళ్ళు లేనిచోట భయం కూడా ఎక్కువకాలం ఉండదు.

ఒకరోజు ఒక ముసలాయన పాత స్కూటరుకు అద్దం వెతుక్కుంటూ వచ్చాడు. తాటిచెట్టు కాస్త వంగింది గానీ, నేను పోల్చుకున్నాను. నన్ను దాటి నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగాడు. సొట్ట చూశాడు. దగ్గరికొచ్చి, తుప్పుపట్టిన తీగ విప్పి, హ్యాండిల్ పైకెత్తి ఒక్క గుంజు గుంజాడు. తలుపు వచ్చింది. దాన్ని పట్టుకుని అలాగే నిలబడ్డాడు, ఎవరో దిగుతారన్నట్టు. ఎవరూ దిగలేదు. అప్పుడు తెలిసింది నాకు, నూకరత్నం ఇక లేదని.

నన్ను ఈడ్చుకెళ్ళి నర్సీపట్నంలో తన పెరట్లో, రేకుల చూరు కింద పెట్టుకున్నాడు. వాళ్ళకు పిల్లలు లేరు. ఇంట్లో ఆయనొక్కడే, పెరట్లో నేనొక్కదాన్నే. పొద్దున్నే ఒక గ్లాసు టీ కాచుకుని వచ్చి, నా బంపరు మీద కూర్చుని తాగేవాడు. తర్వాత పాత చొక్కా తొడుక్కుని నా కిందికి దూరేవాడు. పక్కింటి పైడితల్లమ్మ గోడమీంచి తొంగిచూసి, "పిచ్చి ముదిరితే రోకలి తలకి చుట్టమన్నాడంట! ఈ వయసులో నీకిదేటి మావా?" అనేది.

"కొండెక్కాలమ్మా" అనేవాడు ఆయన.

ఆ ఒక్కమాటే చెప్పేవాడు. ఆ కొండదారిలో, ఆ బండి మీద, ఆ ఎడమ సీటు పక్కన కూర్చుని ఒక్కసారి పైదాకా వెళ్ళి రావాలి. నూకరత్నం పోయాక ఆయనకు మిగిలిన కోరిక అదే. నాకూ ఒక కోరిక ఉంది. ఆ తలుపు సంగతి ఆయనకు చెప్పాలి. నోరులేనిదాన్ని ఎలా చెప్పను? ఆయన నా కింద పడుకుని, మీద తుప్పు రాలుతుంటే కళ్ళు మూసుకుని, "సిస్టరు గారూ, ఆ పానా అందించండి" అని తనలో తానే అనుకుంటున్నప్పుడు, నా కమాను పట్టీలన్నీ విరిగిపోయేంత బాధ కలిగేది.

కొండెక్కాలంటే పాత ఎముకలతో కుదరదు. నా పెట్రోలు ఇంజను తీసేసి డీజిలు ఇంజను దించారు. గేర్‌బాక్సు మారింది. బ్రేకులు మారాయి. ఇటుకల ఆసామి పీకేసిన ఎడమ సీటు చోట కొత్త సీటు వచ్చింది. ఆయన భుజాలిప్పుడు నా స్టీరింగును తిప్పలేవు కనుక, పవర్ స్టీరింగు పెట్టాలన్నారు. ఏది బాగుపడిందని సంతోషిస్తే అది నాది కాకుండా పోయేది. నా గుండె నాది కాదు, కాళ్ళు నావి కావు. చివరికి నేను నేనే అని చెప్పడానికి మిగిలింది సొట్టపడిన తలుపొక్కటే.

రేకు పనికి ఖాదర్ వచ్చాడు. ఆ చుట్టుపక్కల పేరున్న టింకరింగ్ మేస్త్రి. సింహాచలం అతనికి అన్నీ చూపించి, "ఒరే ఖాదరూ, అంతా నీ ఇష్టం. ఆ ఎడంపక్క తలుపు జోలికి మాత్రం ఎల్లకు" అన్నాడు.

"సొట్టతో బండి బయటికెళ్తే జనం నవ్వుతారన్నా. ఖాదర్ చెయ్యి పడిపోయిందంటారు."

"అననీ."

ఎందుకో చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ తలుపును ముట్టుకునేవాడు కాదు ఖాదర్. బంగారంలాంటి మనిషి. పెద్దాయన మొహమాటపడి, తనకు పని ఎక్కువవుతుందని వద్దంటున్నాడు కాబోలు అనుకున్నాడు. టింకరింగ్ మేస్త్రి కంటికి సొట్ట కనపడితే చెయ్యి ఊరుకోదు. వంటమనిషికి ఉప్పు లేని కూర కనపడ్డట్టే. సింహాచలం స్టీరింగు సామాను కోసం విశాఖపట్నం వెళ్ళినప్పుడు, ఖాదర్ ఆ తలుపు విప్పాడు. వెనకనించి చెక్క సుత్తితో మెల్లమెల్లగా తట్టాడు. అంత ఓపికగా, అంత ప్రేమగా నన్నెవరూ కొట్టలేదు. ఒక్కో దెబ్బకూ నూకరత్నం నానుంచి కొంచెం కొంచెంగా వెళ్ళిపోయింది. వద్దని అరవాలనిపించింది. టంగు టంగున మోగడం తప్ప ఏం చేయగలను?

సింహాచలం సంచీ భుజాన వేసుకుని పెరట్లోకి వచ్చేసరికి, ఖాదర్ నవ్వుతూ చిటికెన వేలితో ఎడమ తలుపు తెరిచి చూపించాడు. కొత్తది కూడా అంత మెత్తగా తెరుచుకోదు.

సింహాచలం సంచీ జారిపోయింది. "ఏటి సేసీసేవురా?" అన్నాడు. దగ్గరికొచ్చి సొట్ట ఉండాల్సినచోట అరచెయ్యి పెట్టి వెతికాడు. "ఒద్దన్నాను కదరా... ఒద్దన్నాను కదా..." అంటూ నా మెట్టుమీద కూలబడ్డాడు.

ఖాదర్ నవ్వు ఆగిపోయింది. ఏం తప్పు చేశాడో తెలియక పక్కన కూర్చున్నాడు. ఏదో ఒకటి మాట్లాడాలి కనుక, నోటికొచ్చిన పనిమాట అన్నాడు. "అది కాదన్నా, ఆ తలుపు లోపల్నించి రానే రాదని నువ్వే అన్నావు గదా. రాకపోవడమేటి? హ్యాండిల్ కింద, ఇదిగో ఇక్కడ, రంగంతా అరిగిపోయి, తుప్పు గీకితే రేకు అద్దంలాగ నున్నగా ఉండేది. ఎవరో ఏళ్ళ తరబడి మోకాలితో నొక్కి తీసేవోరు. ఎత్తు చూస్తే పొట్టి మనిషే. దానిమీద కూడా రంగేసీసేను."

సింహాచలం తలెత్తాడు. "ఏటన్నావు?"

ఖాదర్ మళ్ళీ చెప్పాడు. సింహాచలం లేచి వచ్చి ఆ చోటు చూశాడు. నున్నగా, ఆకుపచ్చగా, ఏమీ జరగనట్టు ఉంది. "ఇక్కడేనా? నీ కళ్ళతో చూసేవా?" అని పదే పదే అడిగాడు. ఖాదర్ ఒట్టేశాడు.

ఏవో లెక్కలు కలుపుకుంటున్నట్టు పెద్దాయన పెదవులు కదిలాయి. ఉన్నట్టుండి, "ఉసిరికాయ!" అన్నాడు. "కొమ్మ కిటికీలోకొచ్చిందంట... దొంగమొహం!" అని నవ్వడం మొదలుపెట్టాడు. నా బానెట్టు మీద కొడుతూ నవ్వాడు. గోడమీంచి పైడితల్లమ్మ తొంగిచూసింది. ఆ నవ్వు ఎక్కడ ఏడుపయిందో ఖాదర్‌కు తెలియలేదు, నాకు తెలిసింది.

నేను చెప్పలేని మాట ఖాదర్ చెప్పాడు. చెప్పడానికి ముందే దాని ఆనవాలు చెరిపేశాడు. అతన్ని తిట్టాలో మొక్కాలో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

పుష్యమాసంలో, మంచు ఇంకా విడవని పొద్దున, మేమిద్దరం కొండెక్కాం. కొత్త గుండె బాగానే కొట్టుకుంది. స్టీరింగు వెన్నలా తిరిగింది. పాత రోడ్డు పోయి వెడల్పాటి తారు రోడ్డు వచ్చింది, ఎవరూ మమ్మల్ని పోల్చుకోలేదు. నా రేడియేటరు మరిగిన ఆ మలుపులో ఆయన బండి ఆపాడు. దిగి తలెత్తి చూశాడు. ఉసిరిచెట్టు ఉంది. ఎత్తైన గట్టు మీద, దారికి అంతదూరాన. అక్కణ్ణించి ఏ కొమ్మా ఏ కిటికీలోకీ రాదు. ఆయన నవ్వుకుని, నా ముందునుంచి చుట్టూ తిరిగి ఎడమవైపు వచ్చాడు.

"నీకు తియ్యడం వొచ్చని తెలిసిపోనాదిలే. అయినా నేనే తీస్తాను. దిగండి సిస్టరు గారూ."

ఇప్పుడా తలుపు చిన్నపిల్లలు తాకినా తెరుచుకుంటుంది. ఆయన మాత్రం రెండు చేతులతో పట్టుకుని, హ్యాండిల్ పైకెత్తి, పాత బలమంతా పెట్టి గుంజాడు. అంత బలం అక్కర్లేని తలుపు ఆయన్ని తూలిపడేట్టు చేసింది. నిలదొక్కుకుని, తలుపు పట్టుకుని నిలబడ్డాడు. నేను ఖాళీ సీటుతో ఆయన ముందు నిలబడ్డాను. ఒక మనిషి చీర కుచ్చిళ్ళు సర్దుకుని దిగడానికి పట్టేంతసేపు ఆగి, ఆయన తలుపు మెల్లగా వేశాడు.