డ్రైవరు వైపు

"ఎడమ అంటే నీ ఎడమా, నా ఎడమా?" అని పికప్పు కిటికీలోంచి మెడ బయటపెట్టి అరిచాడు ఆర్డెన్.

ఏడేళ్లుగా ప్రతి నవంబరులోనూ ఇదే కేక. మిన్నెసోటా చలి తప్పించుకుని, ముప్ఫైనాలుగు అడుగుల మా ట్రైలర్ ఇంటిని పికప్పు వెనక ఈడ్చుకుంటూ దక్షిణ టెక్సస్‌లో పంపరపనస తోటల మధ్య, ఇలాంటి బండి ఇళ్లు నిలుపుకునే ఈ పార్కుకి వస్తాం. బండిని వెనక్కి నడిపి మా జాగాలో పెట్టేవాడు ఆర్డెన్, వెనక నిలబడి చేతులూపేదాన్ని నేను. కొత్త బండి వచ్చిందంటే చాలు, ఇక్కడి వాళ్లందరూ మడత కుర్చీలు తెచ్చుకుని వరసగా కూర్చుంటారు. అంతకు మించిన వినోదం ఈ ఊళ్లో లేదు.

నేను ఎడమకి ఊపాను. ఆర్డెన్ కుడికి తిప్పాడు. నీళ్ల పంపు విరిగి ఫౌంటెన్‌లా లేచింది.

"ఎటు చూస్తున్నావే వెర్నా? పక్షుల్ని లెక్కపెడుతున్నావా?" అన్నాడు. కుర్చీల వాళ్లు పగలబడి నవ్వారు. నిలువునా తడిసి నేనూ నవ్వాను. నాకు ఒళ్లు మండింది, అయినా నవ్వాను. నలభైనాలుగేళ్ల కాపురంలో బాగా వంటపట్టిన విద్య అదొక్కటే.

సాయంత్రం అందరికీ చెప్పుకున్నాడు, "పంపుని గుద్దేశాం" అని. కిందటేడు చక్కగా కుదిరినప్పుడు మాత్రం "ఒక్క దెబ్బకి పెట్టేశాను" అన్నాడు. ఆ రోజునుంచి గమనిస్తున్నాను. కుదిరితే నేను, చెడితే మనం. ధాన్యం గిడ్డంగి ఉద్యోగం నుంచి అతను రిటైరయ్యాడు. నేను బడి వంటగది నుంచి రిటైరయ్యాను గానీ, ఇంటి వంటగది నుంచి నన్ను ఎవరూ రిటైర్ చెయ్యలేదు. ఇల్లు అమ్మి చక్రాలెక్కాం కాబట్టి పని తగ్గుతుందనుకున్నాను. తగ్గింది గిన్నెలు పెట్టుకునే చోటు మాత్రమే. వారానికోసారి ఆర్డెన్ మోచేతుల దాకా తొడుగులేసుకుని, ఆపరేషనుకి వెళ్లే డాక్టరులా మరుగుదొడ్డి ట్యాంకు ఖాళీ చేసొస్తాడు. ఆ రోజంతా అతన్ని పొగడాలి. రోజుకి మూడుసార్లు వండినందుకు నన్ను పొగిడిన నాథుడు లేడు.

మా పక్క జాగాలోకి మూడో రోజున ఐడెల్లా వచ్చింది. మా బండి కన్నా పొడుగు బండి, లోపల డెబ్బైరెండేళ్ల ఆవిడ ఒక్కతే. కుర్చీలు ఎప్పటికన్నా ఎక్కువే వెలిశాయి. ఆవిడ ఒకసారి దిగి జాగా చూసుకుంది, మళ్లీ ఎక్కింది, ఒక్క ఊపులో పెట్టేసింది. మగవాళ్లు పాపం ఉసూరుమంటూ కుర్చీలు మడుచుకున్నారు.

బట్టలుతికే గదిలో అడిగాను, "ఎలా నేర్చుకున్నారు?" అని.

"మా ఆయన ఉన్నన్నాళ్లూ నేనూ చేతులూపేదాన్నే. ఆయన పోయాక బండి అమ్మేయమన్నారు అందరూ. అమ్మితే ఎక్కడుండను, కోడలి ఇంట్లో నేలమాళిగలోనా?" అని నవ్వింది. "నువ్వెందుకు నేర్చుకోలేదు అమ్మాయ్?"

నాకు అరవైఆరు. అమ్మాయ్ అంటే ప్రాణం లేచొచ్చింది. సముద్రం సంగతి బయటివాళ్లలో ఆవిడకే మొదట చెప్పాను. ఇక్కడికి రెండు గంటల దూరంలో, ఇసుక మీదే బండి పెట్టుకుని అలల పక్కనే పడుకునే తీరం ఉంది. ఏడేళ్లుగా అడుగుతున్నాను. "చూద్దాం" అంటాడు ఆర్డెన్. మా ఇంట్లో ఆ మాటకి అర్థం కుదరదని.

"స్టీరింగు నీ చేతిలో లేకపోతే అంతే మరి" అంది ఐడెల్లా.

ఆర్డెన్ పొద్దున్నే ఆటలకి వెళ్లగానే నేను దుప్పట్లు కుట్టే క్లాసుకని చెప్పి బయల్దేరేదాన్ని. పళ్లు పెట్టెలకెత్తే షెడ్డు వెనక ఖాళీ జాగాలో ఐడెల్లా బండి మీద నా చదువు సాగింది. "స్టీరింగు అడుగున పట్టుకో. వెనక భాగం ఎటు పోవాలో చెయ్యి అటు జరుపు. ఎడమ, కుడి అనే మాటలే వద్దు. డ్రైవరు వైపు, అవతలి వైపు, అంతే." మొదటి వారం నాలుగు ఖాళీ పెట్టెలు నుగ్గు చేశాను. నెల తిరిగేసరికి రెండు పెట్టెల మధ్య బండిని దూర్చగలిగాను. ఆ రోజు ఏడ్చేశాను, సిగ్గు లేకుండా.

ఫిబ్రవరిలో అందరం కలిసి వండుకు తినే విందులో ఆర్డెన్ ప్రకటించాడు. "గురువారం బయల్దేరుతున్నాం. తిన్నగా మిన్నెసోటాలో మా తమ్ముడి దగ్గరికే. సరస్సు మీది మంచుగడ్డ కరిగేలోగా చేపలు పట్టాలి."

గడ్డకి చిల్లు పెట్టుకుని దాని పక్కన కూర్చోవడానికి! ఆ ముహూర్తం నన్నెవరడిగారు?

"ముందు సముద్రానికి" అన్నాను.

"ఆ ఇసుకలో ఇంత బండిని వెనక్కి ఎవడు పెడతాడే?"

"నేను పెడతాను."

బల్ల బల్లంతా గొల్లుమంది. "అయితే రేపే చూద్దాం. పంపుకి ముందే దండం పెట్టుకోండి!" అన్నాడు ఆర్డెన్.

మర్నాడు పొద్దున నీళ్ల గొట్టం, కరెంటు తీగ విప్పి ట్రైలరుని పికప్పుకి తగిలించాడు. లోపల నేను గిన్నెలన్నీ దూరప్రయాణానికి సర్దినట్టు సర్దాను. ఎందుకని అతను అడగలేదు. గిన్నెల సంగతి అతనికెప్పుడూ పట్టదు. కుర్చీలు రెండు వరసలయ్యాయి. తోట చుట్టూ తిప్పుకొచ్చి మా జాగా ముందు ఆపాను. అద్దంలో ఆర్డెన్ రెండు చేతులూ ఒకేసారి ఊపుతున్నాడు, ఆపమనో, రమ్మనో. నేను బండినే చూసుకున్నాను. ఒకసారి ముందుకి, ఒకసారి వెనక్కి, తిన్నగా వచ్చి నిలబడింది. మొదటి చప్పట్లు ఐడెల్లావి, తర్వాత అందరివీ.

ఆర్డెన్ పంపు పక్కన నోరు తెరుచుకుని నిలబడ్డాడు. తర్వాత, నిజం చెప్పాలి, నవ్వాడు. మనసారానే నవ్వాడు. "సరే, ఒప్పుకున్నాను. దిగు, గొట్టం తగిలిస్తాను."

"తగిలించకు" అన్నాను. "ఎక్కు."

"ఎటు?"

"సముద్రానికి. గురువారం దాకా అక్కడే. నువ్వు రాకపోతే ఐడెల్లా కుర్చీ ఒకటి నీకిస్తుంది, ఇక్కడే కూర్చో."

అలవాటు కొద్దీ డ్రైవరు వైపు తలుపు దగ్గరికే వచ్చాడు. నేను కదల్లేదు. పికప్పు ముందు నుంచి చుట్టూ తిరిగి వచ్చి అవతలి వైపు ఎక్కాడు. తిండి పెట్టె వెనక పట్టాలని, నేను కూర్చునే ఆ సీటుని ఎప్పుడో బాగా ముందుకి జరిపి పెట్టాడు. ఇప్పుడు అందులో కాళ్లు ఎటు పెట్టుకోవాలో తెలియక అవస్థ పడ్డాడు.

"ఇంత ఇరుగ్గా ఉందేంటే ఇక్కడ? మోకాళ్లు తగులుతున్నాయి."

"ఏడేళ్ల నుంచీ ఇంతే ఉంది" అన్నాను, బండిని ముందుకి పోనిస్తూ.