పోస్టక్క బూటులోకి మూడు వేళ్ళు

మా బాబాయి కార్ఖానా ఆసుపత్రి వెనక సందులో ఉంది. ఒకటే గది, దాని పైన ఇల్లు. కాళ్ళకు ఏదో ఒక ఇబ్బంది ఉన్నవాళ్ళకు బూట్లలో, చెప్పుల్లో పెట్టుకునే మెత్తలు చేస్తాడు. ఒక గోడ నిండా మేకులకు కత్తులు, కత్తెరలు, ఆకురాళ్ళు వేలాడుతుంటాయి. ఇంకో గోడకు ఫోమ్ పలకలు ఆనించి ఉంటాయి, గట్టివి ఒకవైపు, మెత్తవి ఒకవైపు. మధ్యలో సాన చక్రం. కాలేజీ కోసం ఊరి నుంచి వచ్చి బాబాయి ఇంట్లో ఉంటున్నాను కాబట్టి సాయంత్రాలు నేనూ అక్కడే. ఫోమ్ పొడి ఊడుస్తాను. మడమ మెత్తల అంచులు ఆకురాయితో నునుపు చేస్తాను. అంతకు మించిన పని బాబాయి ఇవ్వలేదు, నేను అడగలేదు. అడగాలంటే నోరు తెరవాలి కదా.

"మా మౌనవ్రతం వచ్చిందండోయ్!" అంటాడు బాబాయి నేను గుమ్మంలో అడుగు పెట్టగానే.

గురువారం సాయంత్రం పోస్టక్క వచ్చింది. మా వీధులకు ఉత్తరాలు తెచ్చే ఆవిడ. కిందటేడు ఇనుప గేటు ఊడి కాలి మీద పడితే, కుడికాలి బొటనవేలు, దాని పక్క రెండు వేళ్ళు తీసేశారు. పుండు మానింది గాని బూటు ముందు భాగం ఖాళీగా మిగిలింది. నడుస్తుంటే ఆ ఖాళీ మడతపడి అక్క తూలుతుంది. అందులో వేళ్ళ ఆకారంలో ఫోమ్ ముక్క నింపాలి. బాబాయి అప్పటికే రెండు చేసి ఇచ్చాడు.

"మాస్టారూ, మీ రెండోది కూడా కరిచింది," అంటూ అక్క బల్ల మీద కూర్చుని బూటు విప్పింది. మచ్చ మీద చర్మం ఉల్లిపొరలా ఉంది. దాని మీద ఎర్రటి బొబ్బ.

బాబాయి కాలు ఒళ్ళో పెట్టుకుని చూశాడు. "గట్టి ఫోమ్ కదమ్మా, అంతే. మెత్తది పెడదామంటే చక్రం మీద నిలవదు, పీక్కుపోతుంది. కత్తెరతో కోస్తే మెట్లు మెట్లుగా వస్తుంది, ఆ మెట్టే గుచ్చుతుంది. మెత్తదాన్ని చక్రానికి చూపించకురా అని మా గురువుగారు మొదటి రోజే చెప్పారు."

"మీ గురువుగారు వచ్చి నా ఉత్తరాలు పంచుతారా? సోమవారం మా ఆఫీసరు నా వెంట నడుస్తాడు. నేను తూలానా, కాలు పుండు చేసుకున్నానా, ఇక ఎప్పటికీ లోపలే. బల్ల ముందు కూర్చుని ముద్రలు కొట్టుకోవడమే."

"నీడపట్టున కూర్చునే పని. మంచిదేగా?"

"పదహారేళ్ళు నడిచాను మాస్టారూ. ఏ ఇంటి కుక్క ఏ వేళకు నిద్రపోతుందో కూడా తెలుసు నాకు. నన్ను కూర్చోబెడతారా?" నవ్వుతూనే అంది. కానీ బూటు తొడుక్కునేటప్పుడు తల ఎత్తలేదు.

రోజంతా వంగి పని చేస్తాడు కాబట్టి బాబాయికి నడుము పట్టేస్తుంది. పిన్ని ఒక స్పాంజిని తడిపి ఫ్రిజ్ పైఅరలో పెడుతుంది. దాన్ని గుడ్డలో చుట్టి నడుము మీద పెట్టడం నా పని. ఆ రోజు స్పాంజి రాయిలా గడ్డకట్టింది. ఊరికే గోటితో గీకాను. సన్నటి పొడి రాలింది. వేలితో నొక్కాను. ఇసుమంత కూడా అణగలేదు. మెత్తటి ఫోమ్ కూడా స్పాంజి లాంటిదే కదా?

"ఏమే, నా నడుము ఇక్కడుంది!" బాబాయి కేకేశాడు.

చెబుదామనుకున్నాను. పిచ్చి మొహమా అంటాడేమోనని నాలుక కదల్లేదు. కిందికి వెళ్ళి మెత్తటి ఫోమ్‌ను కత్తెరతో మోటుగా వేళ్ళలా కోసి, మూడు వేళ్ళూ కలిసిన ముక్కలు రెండు చేశాను. నీళ్ళలో నానబెట్టి, గడ్డకట్టేలా ఫ్రిజ్‌లో పెట్టేశాను.

పొద్దున్నే పిన్ని కేక.

"ఏమండీ! ఫ్రిజ్‌లో ఎవరివో వేళ్ళు!"

బాబాయి టీ గ్లాసుతోనే పరిగెత్తాడు. నేను తలుపు వెనక నిలబడ్డాను.

"నా గుండె ఆగినంత పనైంది," అంది పిన్ని. "ఎవరి నిర్వాకమే ఇది?"

"నేనే. గట్టిపడితే చక్రం మీద నిలుస్తుందేమోనని..."

బాబాయి నవ్వలేదు. టీ అక్కడే పెట్టేసి, ముక్క తీసుకుని మెట్లు దిగాడు. చక్రం తిప్పి అంచు ఆనించాడు. తెల్లటి మంచు పొడి ఎగిరి ఆయన మీసాల మీద పడింది. ఫోమ్ చిరగలేదు. పట్టుకున్న చోట అణగలేదు. నున్నటి గుండ్రం వచ్చింది.

"ఓరి దీని దుంప తెగ!" అన్నాడు.

అర నిమిషమైనా కాకముందే ఆ ముక్క ఆయన చేతిలో కరిగి మెత్తబడింది. చక్రం వేడి సగం, అరచేతుల వేడి సగం. "నావి చేతులు కావు, పెనాలు. నువ్వు పట్టు," అని రెండో ముక్క నాకిచ్చాడు.

ఆ రోజు కాలేజీ నుంచి రాగానే పనిలో కూర్చున్నాను. చక్రం మీద నాలుగంటే నాలుగు రాపిడులు, వెంటనే ఫ్రిజ్‌లోకి. ఒకటి గడ్డకట్టేలోగా రెండోది బయటికి. లోపలి గుంటకు చక్రం పట్టదు కాబట్టి గుండ్రటి ఆకురాయి వాడాను. బాబాయి ఇదివరకే తీసి ఉంచిన పోస్టక్క కాలి ప్లాస్టర్ అచ్చు పక్కన పెట్టుకుని, మచ్చ ఆనే చోటు మళ్ళీ మళ్ళీ చూసుకున్నాను. మెట్లు ఎక్కీ దిగీ నా పిక్కలు పట్టేశాయి. చీకటి పడేసరికి ముక్క తయారైంది. కొలత కోసం అక్క మా దగ్గర వదిలిన పాత కుడి బూటులో పెట్టి చూస్తే సరిగ్గా పట్టింది. నీళ్ళు పిండి ఫ్యాను ముందు ఆరబెట్టాను.

శనివారం పొద్దున ఆరిన ముక్కను బూటులో పెడితే డబ్బాలో బఠాణీలా లొడలొడలాడింది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

బాబాయి ముక్కను అటూ ఇటూ తిప్పాడు. "వానకు తడిసిన తలుపు బిగుసుకుంటుంది, ఎండకు వదులవుతుంది. ఉబ్బినప్పుడు కొలిచి, ఆరాక చాల్లేదంటే ఎలా తల్లీ?" తర్వాత తన నెత్తి మీద తనే ఒకటి మొట్టుకున్నాడు. "పక్కనే నిలబడి చూశాను. ముప్పై ఏళ్ళ అనుభవం గాడిదలు కాస్తోంది!"

పొడి ఫోమ్ ముక్క ఒకటి కోసి కొలిచాను, ముప్పై మిల్లీమీటర్లు. గడ్డకట్టాక కొలిచాను, ముప్పై ఒకటిన్నర. నోట్‌బుక్కులో రాసుకున్నాను. ఆ లెక్కన అన్ని వైపులా పెంచి కొత్త ముక్క మొదలుపెట్టాను. ఈసారి గడ్డకట్టిన ముక్క బూటులోకి దూరనే లేదు. అది దూరకపోవడం చూసి సంతోషించడం నాకే వింతగా ఉంది. ఆదివారం మధ్యాహ్నానికి ఆరింది. బూటులోకి తోస్తే చుట్టూ వెంట్రుక పట్టే సందు కూడా లేదు. బొటనవేలితో నొక్కితే లోపలికి వెళ్ళి, మళ్ళీ మెల్లగా లేచింది.

సాయంత్రం పోస్టక్క వచ్చి, ఆ ముక్కను తన బూటులో పెట్టి తొడుక్కుంది. సందు చివరి దాకా వెళ్ళి వచ్చి అనుమానంగా చూసింది.

"ఏమీ తెలియడం లేదేంటి మాస్టారూ?"

"తెలియకపోవడమే కదమ్మా పనితనం," అన్నాడు బాబాయి.

సోమవారం కడుపునొప్పి అని కాలేజీ మానేశాను. పిన్ని నమ్మలేదు, అలాగని వెళ్ళమనీ అనలేదు. బాబాయి ఒకే మడమ మెత్తను గంటసేపు రుద్దాడు. పదకొండు దాటాక సందు మలుపులో సంచి భుజాన వేసుకుని పోస్టక్క కనిపించింది. చాలా వెనకగా, చొక్కా అంతా చెమటతో ఒక పెద్దాయన.

"ఆఫీసరు గారికి కాసిన్ని మంచినీళ్ళివ్వండి, పాపం అలిసిపోయారు," అంది అక్క.

ఆయన గ్లాసు ఖాళీ చేసి గాని మాట్లాడలేకపోయాడు. "తూలలేదు. అది ఒప్పుకుంటాను. కానీ లోపల కాలు పుండైతే రేపు ఎవరు నడుస్తారు? ఏదీ, విప్పమ్మా."

అక్క ముఖంలో నవ్వు పోయింది. బల్ల మీద కూర్చుని బూటు విప్పింది. కాలు చూడడం ఎప్పుడూ బాబాయి పని. ఆయన లేవలేదు.

"నేను చేసినవి రెండూ కరిచాయండీ. ఇది మా అన్నయ్య కూతురు చేసింది. చేసినవాళ్ళే చూడాలి," అన్నాడు.

నేను నేల మీద కూర్చుని ఆ పాదాన్ని ఒళ్ళోకి తీసుకున్నాను. వెలుతురు వైపు తిప్పాను. మచ్చ చుట్టూ బొటనవేలితో నొక్కుతూ అక్క ముఖం చూశాను. కనురెప్ప కూడా కదల్లేదు. పాత బొబ్బ ఎండి రాలిపోతోంది. కొత్తది లేదు.

"ఎక్కడా ఎర్రబడలేదండీ," అన్నాను. "కావాలంటే మీరూ చూడండి."

ఆయన కళ్ళజోడు సవరించుకుని వంగి చూశాడు. తర్వాత మా బల్ల మీద ఫోమ్ పొడి చేత్తో తుడిచి, అక్క ఉత్తరాలు పంచవచ్చనే కాగితం పరిచి సంతకం పెట్టాడు. అక్క ఆ కాగితాన్ని రెండుసార్లు చదువుకుని, ఉత్తరాలతో కలవకుండా విడిగా జేబులో పెట్టుకుంది.

"పదండి సార్, ఇంకా నాలుగు వీధులున్నాయి."

"సంతకం పెట్టాను కదమ్మా, ఇంక నన్ను వదిలెయ్!"

అక్క ఒక్కతే బయలుదేరింది. నేను గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాను. ఆవిడ అడుగు వేసినప్పుడల్లా కుడి బూటు, ఎడమ బూటు ఒకే చోట వంగుతున్నాయి. ఎడమ బూటులో వంగేవి ఆవిడ వేళ్ళు. కుడి బూటులో వంగేవి నేను చేసిన వేళ్ళు.