కుళాయి కట్టేశాక

కాలరు మీద చెమట మరక ఎంత రుద్దినా వదలడం లేదు. నల్లకోటు, భుజాల మీద వెండి తళుకులు. గట్టిగా రుద్దితే తళుకులు రాలతాయి, మెల్లగా రుద్దితే మరక కదలదు.

"మెల్లగానే! అది స్టేజీ ఎక్కే బట్ట. మీ షెడ్డులో కుట్టే యూనిఫారం కాదు" అని గదిలోంచి మొగుడు కేకేశాడు. అతను మంచం మీద ఉన్నాడు. కోటు నీళ్లలో ఉంది. ఆమె ఆ రెండింటి మధ్యా బ్రష్షు పట్టుకుని ఉంది. పెళ్లయినప్పటి నుంచీ అంతే.

బయట అతని పేరు పిడుగు. ఆ పేరు అతనే పెట్టుకున్నాడు. కొరియర్ ఆఫీసులో పార్సిళ్లు విడదీసే పని మానేసి, ర్యాపే నాకు అన్నం పెడుతుందన్నాడు. అప్పటి నుంచి అన్నం పెడుతున్నది ఆమె కుట్టుమిషను. ఈ ఊళ్లో ర్యాప్ పాడే కుర్రవాళ్లు సందుకిద్దరున్నారు. వాళ్లందరికంటే అతను పెద్దవాడు, వాళ్లందరికంటే వెనకపడ్డవాడు. మొన్నమొన్నటి దాకా పిలిచిన వాళ్లు లేరు. ఇప్పుడొక కొత్తపాట పట్టుకున్నాడు. దాంతో పాత గోదాముల్లో, కాలేజీ మైదానాల్లో అతని కోసం ఈలలు వేస్తున్నారట. రికార్డు మాత్రం ఇంకా చెయ్యలేదు. ఇంట్లో కూడా పాడడు. పూర్తిగా కుదిరేదాకా స్టేజీ మీద తప్ప ఎక్కడ పాడినా ఎవడైనా ఎత్తుకుపోతాడంటాడు. ఆమె ఒక్కసారి వస్తానంది. "నీకెందుకా గోల? చెవులు చిల్లులు పడతాయి" అన్నాడు. కోట్లు ఉతికేవాళ్లకి కచేరీలెందుకన్నది దాని అర్థం. ఆమె రెండోసారి అడగలేదు.

ఆమెకొక అలవాటుంది. మిషను ముందు కూర్చుంటే సూది దడదడలాడుతుంది. ఆ దడదడకి మాటలు వాటంతటవే వచ్చి పడతాయి. షెడ్డులో సూపర్‌వైజరు "పని చేతికి చెప్పమ్మా, నోటికి కాదు" అంటాడు. అందుకని అక్కడ మింగినవన్నీ ఇంటికొచ్చి గిన్నెల దగ్గర కక్కుతుంది. గిన్నెకి పీచు తగిలే చప్పుడు, కుళాయి చప్పుడు, మధ్యలో ఆమె గొణుగుడు. "గోడలతో మాట్లాడుతోందిరా నీ పెళ్లాం, ఎవరికైనా చూపించు" అని అత్తగారు చాలాసార్లు అంది. ఆయమ్మ ఒక మాట పదిసార్లు అంటే తప్ప తృప్తిపడదు. కొడుకు మాత్రం ఒకసారి, "ఉండనీ అమ్మా, ఆ గొణుగుడు నాకు బాగానే ఉంటుంది" అన్నాడు.

ఆ ఒక్క మాటని ఆమె కొంగున ముడేసుకుని చాన్నాళ్లు తిరిగింది. నిజానికి అంతకుముందే అతను గిన్నెలు కడిగే వేళకి వచ్చి వంటింటి గడప మీద కూర్చోవడం మొదలుపెట్టాడు. మాట్లాడడు, సాయం పట్టడు, మోకాలి మీద వేళ్లతో తాళం వేసుకుంటూ కూర్చుంటాడు. ఒక్కదాన్నే ఉన్నానని వచ్చాడు కాబోలు అనుకుంది ఆమె. మాటలు రాని మనిషి పక్కన కూర్చోవడమే ఒక మాట అని తనకు తానే సర్దిచెప్పుకుంది. అతను లేచిపోతాడేమోనని మెల్లగా తోమేది. కడిగిన గ్లాసుల్ని మళ్లీ కడిగేది. సింకులో ఇంకో నాలుగు అంట్లుంటే బాగుండునని కోరుకున్న ఆడది ఈ లోకంలో ఆమె ఒక్కతే అయి ఉంటుంది. పగలంతా షెడ్డులో నలభైమంది మధ్య ఒంటరిగా కూర్చునే మనిషికి, ఆ గడప మీద ఒక మనిషి నీడ పడటం విందు భోజనంలా ఉండేది. ఆకలి మీద ఉన్నవాళ్లు ఏం తింటున్నామో చూసుకోరు.

ఆ ఆదివారం సాయంత్రం అతను ఫోన్ చేశాడు.

"కోటు జిప్పు ఊడింది. సూదీ దారం పట్టుకుని తొందరగా రా. పాత ఇనప గోదాము, వెనక తలుపు."

ఆమె తల దువ్వుకుంది. పెళ్లిళ్లకి కట్టే చీర కట్టుకుంది. అత్తగారు గుమ్మం దగ్గర ఎగాదిగా చూసి, "సూది ఇచ్చి రావడానికి ఆ చీరేమిటే? పాడేది వాడా, నువ్వా?" అంది.

"దారిలో నలుగురూ చూస్తారు కదా అత్తయ్యా."

"నిన్నా? చూస్తార్లే."

గోదాము వెనక గదిలో నేల నిండా వైర్లు, వాటి మీద అతికించిన టేపులు. మంచినీళ్ల సీసాల అట్టపెట్టెలు. ఒక మూల తన వంతు పాడేసి కూర్చున్న పిల్ల, ఇరవై ఏళ్లుంటాయేమో. కాళ్లకంటే పెద్ద బూట్లు. స్టేజీ మీద ఆ పిల్ల పేరు తూనీగ. జనం ఇంకా లోపలికి వస్తుండగానే, సగం ఖాళీ హాలుకి పాడించి దింపేశారు ఆ పిల్లని. ఆడపిల్లల వంతు ఎప్పుడూ జనం రాకముందే వస్తుంది.

పిడుగు ఆమె చీర వంక చూశాడు. కోటు ఒంటి మీదే ఉంచుకుని ఊడిన జిప్పు చూపించాడు. కచేరీ పెట్టించినాయన తలుపులోంచి తొంగిచూసి "ఎవరు?" అన్నాడు.

"టైలరు" అన్నాడు పిడుగు.

ఆమె మోకాళ్ల మీద కూర్చుని జిప్పు కుట్టింది. దారం పంటితో తెంపుతుంటే మొగుడి పొట్ట ఆమె నుదుటికి తగిలింది. దగ్గరగా రావడానికి ఈమధ్య ఇదొక్కటే దారి. కుట్టడం అవగానే అతను అద్దంలో చూసుకుని, భుజాలు ఎగరేసుకుంటూ వెళ్లిపోయాడు.

"అక్కా, నా చొక్కా గుండీ కూడా ఊగుతోంది. వేసిపెడతారా?" అంది తూనీగ. "ఆయనకి చాన్నాళ్ల నుంచి కుడుతున్నారా?"

"పెళ్లయినప్పటి నుంచి."

పిల్ల ముందు నవ్వింది. తర్వాత నవ్వు ఆపింది. "అయ్యో" అంది. "సారీ అక్కా."

"నువ్వెందుకు చెప్తావు సారీ? చెప్పాల్సినవాడు మైకు దగ్గరున్నాడు."

ఇద్దరూ స్టేజీ పక్కన తెర వెనక నిలబడ్డారు. స్పీకర్ల చప్పుడు చెవులకి కాదు, పక్కటెముకలకి వినిపిస్తోంది. ముందంతా కుర్రకారు, సముద్రంలా ఊగుతున్నారు. లైట్లు అతని మీద పడ్డాయి. తళుకులు ఒక్కటీ రాలలేదు. ఇంట్లో మూలిగే మనిషి ఇక్కడ నిటారుగా ఉన్నాడు. ఒక్క క్షణం ఆమెకి గర్వం కూడా వచ్చింది. దాచిపెట్టి ఏం లాభం?

"ఈ పాట నా రక్తం!" అని అరిచాడు అతను. "ఎవడి సాయం లేదు! చీకట్లో ఒక్కణ్ణే కూర్చుని రాసుకున్నా!"

ఈలలు. తర్వాత బీటు పడింది. ఆ బీటు ఆమెకి తెలుసు. గిన్నెకి పీచు తగిలే చప్పుడు అది, పెద్దది చేసి పెట్టారు.

*గెలిచినా ఆగని చెయ్యి!*
*కడిగినా తరగని కసి!*
*పిలిచినా పలకని లోకం!*

మొదటి లైనుకి హాలు మొత్తం చేతులెత్తింది. ప్రతి చెయ్యీ పైకి, ప్రతి నోరూ ఒకే మాట. గెలిచినా, గెలిచినా, గెలిచినా.

ఆమె నోరు కూడా కదిలింది. కానీ వేరే మాట మీద. ఆ మాటలు పుట్టిన రోజు ఆమెకి గుర్తుంది. షెడ్డులో ఓవర్‌టైము చేసి వచ్చి, వేళ్లు వంగక, సింకు నిండా అంట్లు చూసి అనుకున్న మాటలవి: *అలిసినా ఆగని చెయ్యి, కడిగినా తరగని గిన్నె, పిలిచినా పలకని ఇల్లు*. గిన్నె కసి అయింది. ఇల్లు లోకం అయింది. అవి అతను మార్చుకున్నవి, మగవాడికి గిన్నెలతో పనేముంది? కానీ ఆ మొదటి మాట మార్చింది కాదు. అది చెవి తప్పు. ఆ రోజు కుళాయి పూర్తిగా తిప్పి ఉంది. గడగడమని పడే నీళ్లలోంచి ఒక 'గ' ఎగిరొచ్చి ఆమె అలుపు నెత్తిన కూర్చుంది. అలిసినా అన్నది గెలిచినా అయి గడప చేరింది. అప్పుడు ఆమెకి రెండు సంగతులు ఒకేసారి తెలిశాయి. అతను గడప మీద కూర్చున్నది ఆమె కోసం కాదని ఒకటి. అది పెద్ద దెబ్బేం కాదు, ఆడది అలాంటివి ఓర్చుకోవడానికే పుడుతుందంటారు. రెండోది ఓర్చుకోలేకపోయింది. రోజూ ఆమెకి రెండడుగుల దూరంలో కూర్చుని, చెవులు రిక్కించుకుని, ఒక్కొక్క మాటా ఏరుకున్న మనిషికి ఆమె ఏమంటోందో మాత్రం వినపడలేదు. సింకు మీదికి వంగిన నడుము కళ్ల ముందుండగా, వాచిన వేళ్లు కళ్ల ముందుండగా, ఈ మనిషి గెలిచానంటోంది కాబోలు అనుకున్నాడు! దొంగకి కూడా తను ఎత్తుకుపోయేది కంచమో చెంబో తెలుస్తుంది.

"అలిసినా" అంది ఆమె, పైకే.

"ఏంటక్కా?" తూనీగ చెవి దగ్గరికి తెచ్చింది.

"గెలిచినా కాదు. అలిసినా."

ఆ పిల్ల పెదవులు మెల్లగా కదిలాయి, మాటని నోట్లో వేసుకుని చప్పరిస్తున్నట్టు. "అలిసినా ఆగని చెయ్యి…" తర్వాత తల తిప్పి ఆమె చేతుల వంక చూసింది. "అక్కా, ఇది వేరే పాట."

"అవును. వేరే పాట."

"ఎవరిది?"

ఆ ప్రశ్న ఆమెని ఇంతవరకు ఎవరూ అడగలేదు.

"నాది" అంది.

తెల్లవారి ఆమె వంటింట్లో అంట్లు ముందేసుకుంది. కోటు తలుపు మేకుకి వేలాడుతోంది, కాలరు మీద కొత్త మరక. అతను కాఫీ కప్పుతో వచ్చి గడప మీద కూర్చున్నాడు. మోకాలి మీద వేళ్లు సిద్ధంగా పెట్టుకున్నాడు. నీళ్లు పడుతున్నాయి. పీచు తిరుగుతోంది. మాట మాత్రం లేదు.

"ఏంటి, ఇవాళ గొణగడం లేదే?"

ఆమె కుళాయి కట్టేసింది. ఒక్కసారిగా వంటిల్లు నిశ్శబ్దమైపోయింది.

"నిన్న మీ పాటలో ఒక మాట తప్పు పాడారు. గెలిచినా కాదు, అలిసినా."

దొరికిపోయినవాడి ముఖం ఎలా ఉంటుందో చూద్దామని ఆమె అతని వైపు తిరిగింది. అలాంటి ముఖం అక్కడ లేదు.

"అవునా? నువ్వు గెలిచినా అనే కదా అన్నావు!" అన్నాడు, పంచదార డబ్బా మూత ఎక్కడ పెట్టావన్నంత మామూలుగా. ఇంట్లో కడవ ఉంటే నీళ్లు ముంచుకుంటాం, కడవని అడుగుతామా? తర్వాత నవ్వాడు. "అయినా మంచిదే అయిందిలే. అలిసినా అంటే ఎవడు చెయ్యెత్తుతాడే?"

అది నిజమే. అలిసినవాళ్ల చేతులు గిన్నెల్లో ఉంటాయి. ఎత్తాలంటే ముందు తుడుచుకోవాలి.

ఆమె తువ్వాలు తీసుకుంది. ఒక్కొక్క వేలూ తుడుచుకుంది. సింకులో సబ్బు నురగ కింద సగం అంట్లు అలాగే ఉన్నాయి. తువ్వాలు దండెం మీద ఆరేసింది. అతను కాళ్లు ముడుచుకోలేదు. ఆమె అతని కాళ్లు దాటి ఇవతలికొచ్చింది.

ముందు గదిలోంచి అత్తగారి గొంతు వినిపించింది. "కుళాయి ఆగిపోయిందేం? నీళ్లు రావట్లేదా?"

"నీళ్లకేం అత్తయ్యా, వస్తాయి" అంది ఆమె. "చెయ్యి ఆగింది."