పడక మీద బూట్లు

లియోకాడియాకి ఫోనులో బజారు చేయడం నేర్పిన చర్చి వాళ్లని దేవుడు క్షమిస్తే క్షమించుగాక, ఆమె కోడలు సబీనా మాత్రం ఆ ఉద్దేశంలో లేదు. అంతకు ముందు అత్తగారి ఖర్చంటే దగ్గుమందూ, ఆదివారం చందాపళ్లెంలో వేసే చిల్లరా. ఇప్పుడు అస్తమానం బూట్లు. నల్లవి, నీలంవి, పట్టీ ఉన్నవి, లేనివి. రావడం, నచ్చకపోవడం, తిరిగిపోవడం. పార్సిళ్లు తీసుకునేదీ, వాపసు వేసేదీ గళ్లగళ్ల ఇనప అలమరాలో, అది సందు చివర మంచులో ఉంటుంది. మోసేది కోడలు.

ఆ ఉదయం కూడా సబీనా చంకలో అట్టపెట్టెతో నాలుగంతస్తులెక్కి వచ్చింది.

"ఈసారి ఏ డాన్సుకి, అత్తయ్యా?" కాస్త చెవుడున్న ముసలావిడకి వినబడేలా గట్టిగా అడిగింది.

"డాన్సుకి ఇలాంటివి తొడుక్కుంటారుటే? మడమ చూడు, పీటలా ఉంది."

లియోకాడియా టేపుని చింపదు. చాకుమొనతో నెమ్మదిగా లేపి తీస్తుంది. రాదోమ్‌లో పుట్టి, ఆ ఊరి బూట్ల కార్ఖానాలోనే యవ్వనమంతా పైతోలుకి లోపలి గుడ్డ కుట్టిన మనిషి. కుడి చేతి బొటనవేలి మీద దారం కోసిన గాడి ఇప్పటికీ ఉంది. కార్ఖానా మూతబడ్డాక బడి మెట్లు కడిగింది, భర్తని సాగనంపింది, కొడుకు ఇంటికి ఒక పెట్టెతో వచ్చింది. ఊరంతటికీ బూట్లు కుట్టిన ఆమె మాత్రం కణుపులు ఉబ్బిన పాదాలతో, చనిపోయిన భర్త చెప్పుల్లో ఇల్లంతా ఈడ్చుకుంటూ తిరిగేది.

బూటు లోపల ముక్కు పెట్టి వాసన చూసింది. గరిటె కాడతో మడమ దించుకుంది. తర్వాత ఎప్పటిలాగే పక్క మీద వెల్లకిలా పడుకుని, పావడా మోకాళ్ల కిందికి లాక్కుని, పాదాలు రెండూ దగ్గర చేర్చి, తల కొంచెం ఎత్తి బొటనవేళ్ల వైపు చూసుకుంది.

సబీనా ఈ సంగతి ఇరుగుపొరుగుకి చెప్పి నవ్వించేది. అడుగుభాగం మాసితే కంపెనీ వెనక్కి తీసుకోదని, మా అత్త పడుకుని బూట్లు తొడిగి చూసుకుంటుంది!

"లేచి నాలుగడుగులు వేస్తే కదా తెలిసేది?"

"నాకు పడుకుంటేనే తెలుస్తుంది." కాసేపయ్యాక లియోకాడియా తనలో తాను మాట్లాడుకున్నట్టు అంది, "ఇవి సరిపోయాయి. ఉంచేసుకుంటా."

"ప్రతి జతకీ మొదట అదే మాట. రేపు వేలు నొక్కుతోందంటారు."

"ఇవి నొక్కవులే, అమ్మాయ్."

మధ్యాహ్నం ఆమె బంగాళాదుంపలు చెక్కు తీసింది. సబీనా వంటింట్లో ఉండగా కొడుకుతో ఫోనులో గుసగుసలాడింది. బీట్‌రూట్ సూప్ తాగి, తన గిన్నె తానే కడిగి బోర్లించి, కునుకు తీసింది. మంచం పక్క స్టూలు మీద బూట్లు మళ్లీ పెట్టెలోకి చేరాయి. తిరిగి వెళ్లాల్సినవన్నీ ఆ స్టూలు మీదే కూర్చునేవి. ఎలాగూ రొట్టెకి వెళ్లాలి, రేపు మంచు ఎక్కువట. సబీనా అత్తగారి ఫోనులో 'వాపసు' నొక్కి, పెట్టెకి టేపు అతికించి పట్టుకెళ్లింది. అలమరా తలుపు టక్కున మూసుకుంది. ఒక పని తీరింది. ఆ ఆనందంలో ముసలావిడకి ఇష్టమైన గసగసాల రొట్టె కూడా కొంది.

"అత్తయ్యా, లేవండి. మీకోసం ఏం తెచ్చానో చూడండి."

లియోకాడియా లేవలేదు. గోడవైపుకి తిరిగి, చేయి చెంప కింద పెట్టుకుని ఉంది. ఆ చెంప అప్పటికే చల్లబడింది.

డాక్టరు వచ్చి వెళ్లాడు. కొడుకు రోమన్ బస్సు డిపో నుంచి డ్రైవరు బట్టల్లోనే వచ్చి, తల్లి కాళ్ల దగ్గర చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత బీరువాలో కోట్ల వెనక నుంచి ఒక గుడ్డసంచి తీశాడు. ముదురు నీలం కోటూ పావడా, జపమాల, చీటీ ఇంకా తీయని కొత్త మేజోళ్లు.

"ఏమిటివి?" అంది సబీనా.

"అమ్మ ఆఖరి బట్టలు, శవపేటికలో తొడగడానికి. ఎప్పుడో సర్దుకుంది. నీకు చెప్పొద్దంది, చావు మాటెత్తితే కసురుతావని." అతను ముక్కు తుడుచుకున్నాడు. "బూట్లు ఒక్కటే కుదరలేదు. ఇవాళ కుదిరాయని ఫోన్ చేసింది. పడుకుంటే పాదాలు అందంగా ఉన్నాయట. నాన్న చూసినా గుర్తుపట్టడని నవ్వింది. ఏవీ అవి?"

సబీనా కోటు కూడా వేసుకోకుండా మెట్లు దిగింది. అలమరా నిండా ఒకేలాంటి ఇనప తలుపులు. తను ఏది మూసిందో గుర్తు రాలేదు. ఫోనులో ఎక్కడ నొక్కినా ఒకటే మాట, మీ పార్సిలు అందింది, ధన్యవాదాలు. అరచేత్తో ఒక తలుపు మీద కొట్టింది, తర్వాత ఇంకోదాని మీద.

"వేశాక మళ్లీ తెరుచుకోదండీ," అన్నాడు వెనక నిలబడ్డ ఎవరో పెద్దమనిషి. "రేపు రండి. మనిషొస్తాడు."

"పొద్దున బండొచ్చి ఖాళీ చేసుకుపోతుంది," అంది సబీనా. ఆ అలమరా సంగతులు ఆ వీధిలో ఆమెకి తెలిసినంతగా ఎవరికీ తెలియవు.

ఆమె పైకొచ్చేసరికి రోమన్ మేజోళ్లు మోకాలి మీద పరిచి, వాటి కొసలు సరిచేస్తూ కూర్చున్నాడు.

"అమ్మ వాటిని ఎవరికైనా ఇచ్చేసిందా?"

సబీనా మంచం పక్కకి వెళ్లి నిలబడింది. చెవుడున్న అత్తగారితో ఎప్పుడూ మాట్లాడేంత గట్టిగా అంది.

"సరిపోయాయని మీరు చెప్పారు, అత్తయ్యా. నేనే వినలేదు. తప్పు నాది."